రాళ్లరేవులో చదవలేకపోయిన వరుస

రాళ్లరేవుకు వెళ్ళి వచ్చానని తెలిసిన దగ్గర్నుంచి మా బడి పంతుళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, అక్కడ ఏముందని. ఏముందని చెప్పను? గోదావరి ఉంది, మెట్లున్నాయి, సగం కూలిన కోటగోడ ఉంది, నడుము విరగ్గొట్టే దారి ఉంది. నాలుగు రోజుల ప్రయాణానికి పది రోజుల ఒళ్ళునొప్పులు తెచ్చుకున్నాను. నొప్పులు తగ్గాయి గాని, అక్కడ జరిగినదాని బరువు మాత్రం దిగలేదు. చూడని వాళ్ళ కోసం రాస్తున్నానని పైకి అంటున్నాను. లోపల మాత్రం నా మనసు కాస్త తేలికపడుతుందేమోనన్న ఆశ.

నేను జమ్మికుంట బడిలో తెలుగు పంతులును. వయసులో ఉన్నప్పుడు శాసనాలు నకలు తీసే ఒక పెద్దమనిషి వెంట రెండేళ్ళు సంచులు మోశాను. రాయిమీద తడి కాగితం పరిచి, కుంచెతో గుచ్చి గుచ్చి కొట్టి, పైన సిరా అద్దితే రాయి నల్లగాను, అక్షరాలు తెల్లగాను కాగితం మీదికి వస్తాయి. ఆ పని, పాత అక్షరాలు కూడబలుక్కుని చదవడం, ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ సంగతి నలుగురికీ పాకి, ఇప్పుడు ఏ ఊళ్ళో రాత ఉన్న రాయి కనిపించినా నాకే కబురు. మోకాళ్ళు మొరాయిస్తున్నాయని ఎవరితో చెప్పుకోను?

సంక్రాంతి వెళ్ళాక రాళ్లరేవు నుంచి ఒక కార్డు వచ్చింది. అక్కడి సాలెవాడ పెద్ద లస్మయ్య ఎవరిచేతో రాయించాడు. శివరాత్రికి వాళ్ళ గుళ్ళో శివపార్వతుల కళ్యాణం. అమ్మవారికి కట్టే పెళ్ళిచీర తాతముత్తాతల నుంచి సాలెవాడ వాళ్ళు నేసి ఇచ్చేదే. ఈ ఏడు గుడి కమిటీ వాళ్ళు జగిత్యాల దుకాణంలో పట్టుచీర కొంటామంటున్నారు. ఆ హక్కు గుడి ముందరి రాయిమీద రాసి ఉందని సాలెవాళ్ళు అన్నారు. చదవగలిగినవాణ్ణి పిలిపించండి, రాసి ఉంటే మేమూ ఒప్పుకుంటామని కమిటీ అంది. "మీరే దిక్కు, రావాలె" అని కార్డు చివర.

నేను జవాబు రాశాను. దానిలో ఏం రాశానో చెప్పి తీరాలి. అంతకుముందటేడు ఇంకో ఊళ్ళో, జిడ్డు పట్టిన రాయిని ఎండలో పొద్దంతా కడిగి వారం రోజులు మంచమెక్కాను. ఆ బాధ గుర్తుండి ఇలా రాశాను: "శివరాత్రికి నాలుగు రోజుల ముందు వస్తాను. నేను వచ్చేలోపల రాయిని బాగా శుభ్రం చేసి ఉంచండి." ఒళ్ళు దాచుకునేవాడి రాత అది. రాసి డబ్బాలో వేసి మరిచిపోయాను.

జమ్మికుంట, కరీంనగర్

మా ఊరు దాటడమే ఒక ప్రయాణం. పత్తి యార్డు ముందు బండ్లు రోడ్డు పొడుగునా నిలిచి, సర్కారు బస్సు వాటి వెనక ఇరుక్కుపోయింది. గాలికి లేచిన పత్తి ముక్కుల్లో, కనుబొమల మీద, సంచీ మీద. బస్సు కదిలేసరికి అందరం ముసలివాళ్ళమయ్యాం. నేను కొత్తగా అవ్వాల్సిన పని లేదనుకోండి.

కరీంనగర్‌లో బస్సు మారే చోట హోటల్లో చాయ్ తాగాను. బోర్డు మీద ఇంకా అణా అనే ఉంది. ఆరు కొత్త పైసలిచ్చాను. హోటల్ సాయెబు అరచేతిలో వాటిని అటూ ఇటూ తిప్పి, "పావు పైస తక్కువున్నది పంతుల్‌సాబ్" అన్నాడు.

"సర్కారు పావు పైస కొట్టలేదు గదా సాయెబూ."

"గట్లయితే నా పావు పైస సర్కారు తిన్నట్టా, మీరు తిన్నట్టా?" అని నవ్వి, నా కప్పులో ఇంకో గుటక పోశాడు. ఆ రోజుకు నాకు దొరికిన సుఖం ఆ గుటకే.

కొండగట్టు కింద

కొండగట్టు దగ్గరికొచ్చేసరికి బస్సు ఇంజను ఉడికి ఆవిరి చిమ్మింది. డ్రైవరు నీళ్ళకు పోయాడు. అందరం దిగి చెట్ల నీడన కూలబడ్డాం. నా పక్కన మందమర్రి నుంచి వచ్చిన ఆలుమగలు. ఆమె పేరు రాజవ్వ. మగడు బొగ్గుబావిలో పనివాడు. పైకప్పు బండ విరిగి పడితే జానెడు దూరంలో తప్పించుకున్నాడట. కొండమీది అంజన్నకు మొక్కు చెల్లించడానికి వచ్చారు. ఇద్దరి మాటలూ ఆమే మాట్లాడింది.

మూట విప్పి సర్వపిండి ముక్క నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో దాన్ని పలచగా, కరకరలాడేట్టు కాలుస్తారు. ఈమెది అరచేయంత మందం, నువ్వులు ఎక్కువ. బావిలో దిగేవాడి కడుపు నిండాలంటే అంత మందం ఉండాలట.

"యాడిదాక సారూ?"

"రాళ్లరేవు. అక్కడి సాలెవాళ్ళ రాయి చదవడానికి."

"సాలోల్లా? మా కాలనీల శానమంది ఉన్నరు. మగ్గం గుంటల కాళ్ళు పెట్టి కూసున్నోల్లే, గిప్పుడు బాయిల దిగుతున్నరు. మంచిగ తింటున్నరు, మాట అనొద్దు. గని ఒక ముసలాయిన ఉండె, నిద్రల గూడ కాళ్ళు ఆడిస్తుండె, మగ్గం తొక్కినట్టు. సూస్తే పానం గుంజుతుండె."

అప్పటిదాకా నాకు ఇది ఒక చీర తగువు. చీర హక్కు పోతే లస్మయ్య ఏమవుతాడన్నది అక్కడే మొదటిసారి తట్టింది.

ధర్మపురి రేవు

ధర్మపురిలో రాత్రి గడిచింది. భోజనం పెట్టిన పెద్దమ్మ పప్పుచారు మూడుసార్లు పోసి, పెరుగు దగ్గర మాత్రం చెయ్యి ముడిచింది. పొద్దున్నే గోదావరిలో మునిగాను. ఒడ్డున పెట్టిన నా సంచీని ఒక మేక తెరిచి, నకలు కాగితాల్లో రెండు నమిలింది. నీళ్ళలోంచి తడిబట్టలతో పరుగెత్తాను. రేవులోని జనం స్నానాలు ఆపి చూశారు. మోకాళ్ళు మాత్రం ఆ పరుగును మూడు రోజులు మరవలేదు.

అవతలి ఒడ్డు ఆదిలాబాదు జిల్లా. పడవవాణ్ణి గోదావరి లోతు ఎంత అని అడిగితే వింతగా చూశాడు. ఇక్కడ దాన్ని గోదావరి అనేవాడు పటంలో చూసినవాడే, మిగతా వాళ్ళకు అది గంగ. నది నడుమకు రాగానే ఆడవాళ్ళు "గంగమ్మ తల్లీ" అంటూ పసుపు కుంకుమలు నీళ్ళలో వేశారు. ఒకామె కొత్త రవికగుడ్డ వేసింది. మా వైపు వాగు దాటేటప్పుడు చెప్పులు చేత పట్టుకోవడం తప్ప వేరే ఆచారం లేదు. అవతల దిగి, ఎడ్లబండిలో మూడు కోసుల దూరం ఎగిరెగిరి పడుతూ రాళ్లరేవు చేరేసరికి పొద్దు వాలుతోంది.

రాళ్లరేవు

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్నది ఇలాంటి ఊళ్ళను చూసే పుట్టి ఉంటుంది. లస్మయ్య బండి దగ్గరికే వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఎండిన చెరుకుగడలా సన్నంగా, నిటారుగా ఉన్నాడు. నా సంచీ లాక్కుని ముందు నడిచాడు. నాకంటే పెద్దవాడు నా బరువు మోస్తుంటే వారించాల్సింది. ఓపిక లేక ఊరుకున్నాను.

దారిలోనే ఊరు చూపించాడు. ఒకప్పుడు పడవల మీద ఉప్పు ఈ రేవుకే వచ్చేదట, బట్టలూ టేకుదుంగలూ ఇక్కణ్ణుంచే పోయేవట. మెట్లన్నీ ఎర్ర ఇసుకరాయి. పడవల మోకులు రాసుకుని ఆ రాళ్ళ అంచుల్లో వేలు పట్టేంత గాళ్ళు పడ్డాయి. ఇప్పుడు ఉప్పువీధిలో మేకల కొట్టాలున్నాయి. గానుగవీధిలో గానుగ ఒకటి బోర్లా పడి ఉంది. కోటగోడ రాళ్ళు ఎవరికి అందినన్ని వాళ్ళు మోసుకుపోయి పొయ్యిగడ్డలు కట్టుకున్నారు.

సాలెవాడలో ఇళ్ళన్నిటిలో మగ్గం గుంటలున్నాయి. ఒక గుంటలో కోళ్ళు, ఒక గుంటలో పిడకలు. చప్పుడు ఒక్క ఇంట్లోంచే వస్తోంది.

"అందరు యాడికి పోయిన్రు లస్మన్నా?"

"భివండి మిల్లులకు పోయినోల్లు పోయిన్రు, బొగ్గుకు పోయినోల్లు పోయిన్రు. నా కొడుకు గూడ మందమర్రిలనే. రా బాపూ అని పిలుస్తుండు. అమ్మవారి సీర ఉన్నన్ని దినాలు నేను రానని చెప్పిన. అది గూడ లేకుంటే ఇగ ఈడ నాకేం పని సారూ?"

అతని ఇంట్లో మగ్గం మీద ఆ చీరే ఉంది. పసుపుపచ్చ నూలు, ఎర్ర అంచు. సగం పైన అయింది. లస్మయ్య భార్య నర్సవ్వ జొన్నగటకలో పచ్చిపులుసు పోసి పెట్టింది. మా వైపు గటకలోకి మజ్జిగ. పచ్చిపులుసుతో ఇంత బాగుంటుందని నాకు తెలియదు. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను.

తినేటప్పుడు నర్సవ్వ వాళ్ళ ఆచారం చెప్పింది. అమ్మవారి చీరకు పడుగు మగ్గమెక్కించిన రోజున సాలెవాడ మొత్తం గుడి ముందరి రాయి దగ్గరికి పోతుంది. దాని మీద 'మా వరుస' అని ఒకటుంది. చదవడం ఎవరికీ రాదు, కాని ఎక్కడుందో అందరికీ తెలుసు. ఇంటికొకరు చొప్పున పసుపు ముద్దలో వేలు ముంచి ఆ వరుస పొడుగునా రాస్తారు. అత్తగారు కోడలికి చూపిస్తుంది, కోడలు తన కోడలికి చూపిస్తుంది.

"మంచిగ కడిగినం బిడ్డా, నువ్వు రాసినట్టే. సూస్తే నీ మనసు నిండుతది" అంది.

నేను సంతోషంగా పడుకున్నాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

రాయి

తెల్లవారి గుడి ముందు మంది కూడారు. కమిటీ పెద్ద పటేల్ కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. దురుసు మనిషి కాడు. నాకూ ఒక కుర్చీ, చాయ్ తెప్పించాడు. నేను చాయ్ అక్కడే పెట్టి రాయి దగ్గరికి పోయాను.

మనిషెత్తు ఎర్ర ఇసుకరాయి, నిజంగానే తళతళలాడుతోంది. పైన సూర్యుడు, చంద్రుడు. కింద వరుసలు. గానుగవాళ్ళు దీపానికి నూనె ఇవ్వాలని ఉంది. ఉప్పు అమ్మేవాళ్ళు నైవేద్యానికి ఉప్పివ్వాలని ఉంది. అక్షరాలు గుండ్రంగా, తేటగా ఉన్నాయి. అడుగున పడవవాళ్ళు తెప్ప కట్టాలని ఉంది. గానుగలు లేవు, ఉప్పు లేదు, వాళ్ళ వరుసలు మాత్రం నిన్న చెక్కినట్టున్నాయి.

నడుమ జానెడు మేర ఏమీ లేదు. పుండు పొక్కు ఊడిన చోటు చర్మంలాగా అక్కడ రాయి లేతగా, గుంటగా ఉంది. వేలితో తడిమాను. నున్నగా తగిలింది.

"లస్మన్నా, మీ వరుస ఏది?"

"గదే సారూ, మీరు చెయ్యి పెట్టిందే."

"ఇక్కడ ఎట్ల కడిగిన్రు?"

అతను మురిసిపోతూ చెప్పాడు. మిగతా వరుసలకు పాలు, నీళ్ళు, నూలుకు గంజిపెట్టే కుంచె సరిపోయాయట. సాలెవాళ్ళ వరుస మీద మాత్రం తరాల పసుపు రాయిలాగే గట్టిపడి ఉందట. బాగా శుభ్రం చేయమని సారు రాశాడు గదా. నాలుగు రోజులు, ఉన్న ముసలీ ముతకా అందరూ వంతులేసుకుని, కొడవలి మొనతో గీకారు, ఇసుకతో తోమారు. పసుపు పెచ్చులు పెచ్చులుగా లేచి వచ్చిందట.

"ఆ పెచ్చులేవి?"

"అమ్మవారి పసుపు గదా, కాళ్ళ తొక్కులల్ల పడొద్దని గంగల కలిపినం."

నేను రాయికి ఆనుకుని కూర్చుండిపోయాను. ఇసుకరాయి పైపొర పెళుసుగా ఉంటుంది. ఆ పసుపు పెచ్చు కింద అక్షరాలు ఇన్ని తరాలూ ఎండావానా తగలకుండా దాగి ఉన్నాయి. పెచ్చుతో పాటు రాతి పొర లేచింది, పొరతో పాటు అక్షరాలు లేచాయి. వాళ్ళు మొక్కి దాచుకున్నదాన్ని నా కార్డు గీకించింది. పసుపును తడిపి, మెత్తబరిచి, నిదానంగా తీయాలని ఇంకొక్క వాక్యం రాసి ఉంటే సరిపోయేది. ఒక పూట నడుము వంచడానికి బద్ధకించాను.

అయినా నకలు తీశాను. మేక మిగిల్చిన కాగితాలే తడిపి పరిచి, కొట్టి, సిరా అద్దాను. కాగితం ఎత్తి పట్టుకుంటే పైనా కిందా తెల్లటి అక్షరాలు, నడుమ ఒట్టి నలుపు. చూసిన వాళ్ళెవరికీ చదవడం రాకపోయినా ఆ నలుపు మాత్రం అందరికీ అర్థమైంది. లస్మయ్య ముఖం చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"ఏమున్నది పంతులూ?" పటేల్ అడిగాడు.

అబద్ధం ఆడవచ్చు. ఆ ఊళ్ళో నన్ను కాదనగలిగినవాడు లేడు. గానుగవాళ్ళ తర్వాత సాలెవాళ్ళని ఒక్క మాట చదివినట్టు నటిస్తే పని ముగిసేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని నా గురువైన ఆ పెద్దమనిషి రెండేళ్ళలో నాకు నేర్పింది అదొక్కటే, లేని అక్షరం చదవకూడదని. ముప్పై ఏళ్ళుగా బడిలో పిల్లలకు నేను చెప్పిందీ అదే.

"చదవడానికి ఏమీ మిగలలేదు. నిన్నమొన్నటిదాకా ఉండి ఉంటుంది. నేను శుభ్రం చేయమని రాసిన కార్డు వల్ల పోయింది. తప్పు నాది, వీళ్ళది కాదు" అన్నాను.

నర్సవ్వ మంది లోపలికి తోసుకుంటూ వచ్చింది. "వేరేటోల్ల వరుసైతే మేమెందుకు పసుపు రాస్తుంటిమి పటేలా? మా అత్త రాయలేదా? ఆమె అత్త రాయలేదా? గింతమంది చేతి ఏళ్ళు అబద్ధమాడుతయా?"

పటేల్ కుర్చీలోంచి ముందుకు వంగాడు. "నీ మాట అబద్ధమంటలేను అవ్వా. గని రాసి ఉంటేనే అనుకున్నం. నలుగుట్ల అనుకున్నం. ఇయ్యాల నీకు ఉత్తమాట మీద ఒప్పుకుంటే, రేపు ఇంకొకడు వస్తడు. పంతులు ముంగటనే రాత లేదని తేలింది. ఈ ఏడు జగిత్యాల చీరనే." లేచి, నా దగ్గరికి వచ్చి, "మీరు నిజం చెప్పిన్రు, మంచిది" అని చేతులు జోడించాడు. ఆ మెచ్చుకోలు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. మంది ఎవరి దారిన వాళ్ళు పోయారు. నా చాయ్ మీద మీగడ కట్టి ఉంది.

తిరుగు దారి

నర్సవ్వ కోప్పడలేదు, అది ఇంకా కష్టంగా ఉంది. మర్నాడు బండి కట్టేలోపల మగ్గం చప్పుడు వినిపించింది. లస్మయ్య గుంటలో కూర్చుని, ఏమీ జరగనట్టు పోగుల మధ్యకు నాడె విసురుతున్నాడు. పసుపుపచ్చ చీర నిన్నటికంటే మూర పెరిగింది. పోయి గడపలో కూర్చున్నాను.

"నేను చెడగొట్టిన లస్మన్నా. నన్ను పిలవకుండా ఉంటే బాగుండేది" అన్నాను.

"ఊకో సారూ. కొడవలి పట్టింది మేమే గదా. మీరు బాగ అన్నరు, మేము ఇంకింత బాగ అనుకున్నం." నాడె ఆపలేదు. "మీరు ఉన్నదని చెప్తరేమో అని జరసేపు నాకు గూడ ఆశైంది. దాపెందుకు?"

గడపలో పడిన నూలుపోగులు ఏరి పక్కన పెట్టాను.

"మందమర్రి పోతవా?"

"పోత. శివరాత్రి ఎల్లినంక పోత. కొడుకు సంబురపడ్తడు. ఇగ ఈ మగ్గం ఎవలన్న పొయ్యిల పెట్టుకుంటరు."

"మరి ఈ చీర ఇంకా ఎందుకు నేస్తున్నవు? అమ్మవారికి జగిత్యాల చీర కడుతున్నరు గదా."

"అమ్మవారి పేరుమీద ఎక్కిన పడుగును నడుమ తెంపద్దు సారూ. మావోల్లల్ల ఎవ్వలు తెంపలే."

"నేసి ఎవరికిస్తవు?"

లస్మయ్య నాడె ఆపి, కిటికీ వైపు తల తిప్పాడు. ఇళ్ళ నడుమ సందులోంచి నీళ్ళు కనబడుతున్నాయి.

"గుళ్లె అమ్మకు కమిటీ ఉన్నది" అన్నాడు. "గంగమ్మకు లేదు గదా."